రెండేళ్ల గ్యాప్‌తో రిమోట్ జాబ్: సీవీలో నాకు పనికొచ్చినవి

ఆఫర్ లెటర్ మీద సంతకం చేసి పంపేశాను. జర్మనీలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి సపోర్ట్ ఇంజనీర్‌గా, హనుమకొండలో మా ఇంట్లోనే ఉండి పని చేస్తాను. మొదటి జీతం పడేదాకా ఎవరికీ చెప్పొద్దని అమ్మ అంటోంది. కానీ గ్రూప్స్ వదిలి మళ్లీ ఐటీ వైపు వస్తున్నవాళ్లు చాలామంది సీవీ ఎలా రాశావని అడుగుతున్నారు. వాళ్ల కోసం ఆగలేక రాస్తున్నాను.

ఏటీఎస్ (సీవీలను ముందుగా వడపోసే సాఫ్ట్‌వేర్), కీవర్డ్స్ గురించి మీకు తెలిసిందే, వాటి జోలికి పోను. ఆ సాఫ్ట్‌వేర్‌కు మీ సీవీ ఎలా కనిపిస్తుందో తెలియడానికి ఒక్క పరీక్ష మాత్రం తప్పకుండా చేయండి. మీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. రెండు కాలమ్‌ల టెంప్లేట్ అయితే కుడివైపు స్కిల్స్ వచ్చి ఎడమవైపు కంపెనీ పేర్ల మధ్యలో పడే అవకాశం ఎక్కువ. అలా పడితే ఆ టెంప్లేట్ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఫొటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, చివర్లో డిక్లరేషన్, మన క్యాంపస్ ఫార్మాట్‌లో ఉండే ఇవన్నీ తీసేయండి. ఆ చోటు ఊరి పేరుకు, టైమ్ జోన్‌కు, గిట్‌హబ్ (మనం రాసిన కోడ్ పెట్టుకునే సైట్) లింక్‌కు వాడుకోండి.

ఇక అసలు విషయం గ్యాప్. హైదరాబాద్‌లో మూడేళ్లు అప్లికేషన్ సపోర్ట్ చేశాను. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ పడగానే రిజైన్ చేశాను. అక్టోబర్‌లో రాసిన ప్రిలిమ్స్ రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశాం, అదీ రద్దయింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్, లిస్టులో నా నంబర్ లేదు. ఈ కథ మనవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ ఎక్కడో బెర్లిన్‌లో కూర్చుని సీవీ చదివే మనిషికి ఇదంతా ఏం తెలుస్తుంది? 2022 తర్వాత ఖాళీ, అంతే.

నెలలు తీసేసి సంవత్సరాలు మాత్రం రాస్తే గ్యాప్ కనపడదని అందరూ చెప్తారు. అలాంటి సీవీతో నాకూ కాల్స్ వచ్చాయి. ఒక కంపెనీలో రెండో రౌండ్‌లో రిక్రూటర్ నెలలతో సహా తేదీలు అడిగారు. చెప్పాను. ఆమె మర్యాదగానే విన్నారు, "ఇది సీవీలో లేదే" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత రిజెక్షన్ మెయిల్ వచ్చింది. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఆఫీసులో అయితే మేనేజర్ రోజూ మనల్ని చూస్తాడు. రిమోట్‌లో మనం రాసిందే వాళ్లకు కనిపించేది. ఆ రాతలో మొదటి పేజీ మన సీవీ. దానిలోనే ఏదో దాచారనిపిస్తే, రేపు సర్వర్ పడిపోయినప్పుడు నిజం చెప్తారని ఎలా నమ్ముతారు?

అందుకే గ్యాప్‌ను ఒక ఉద్యోగంలాగే నెలలతో సహా రాశాను. గ్రూప్-1 అంటే బయటివాళ్లకు తెలియదు కాబట్టి "రాష్ట్ర సివిల్ సర్వీసెస్ పోటీ పరీక్షకు పూర్తికాల ప్రిపరేషన్" అని పెట్టాను. కింద రెండే లైన్లు. ఒకటి: వేర్వేరు జిల్లాల్లో ఉన్న ఫ్రెండ్స్‌తో కలిసి ప్రతి వారం ఆన్సర్లు గూగుల్ డాక్స్‌లో రాసి, ఒకరివి ఒకరు దిద్దుకున్నాం. రెండు: పాత ప్రశ్నలను టాపిక్ వారీగా విడగొట్టే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి, రీడ్‌మీతో (అదెలా వాడాలో చెప్పే నోట్‌తో) సహా గిట్‌హబ్‌లో పెట్టాను.

ఇప్పుడు చేరబోతున్న కంపెనీ ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడింది ఈ రెండు లైన్ల గురించే. పైన బాస్ లేడు కదా, సరైన దారిలో వెళ్తున్నావని నీకెలా తెలిసేది అని మేనేజర్ అడిగారు. వారం వారం మాక్ టెస్ట్, తప్పుల నోట్‌బుక్, వెనకబడిన సబ్జెక్టుకు మరుసటి వారం ఎక్కువ గంటలు, ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్స్‌లో ఒకరికొకరు కామెంట్లు రాసుకున్న పద్ధతి గురించి విడిగా అడిగి తెలుసుకున్నారు. రెండేళ్లు వృథా చేశావని బంధువులు అన్నప్పుడల్లా నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. ఎవరూ చూడకపోయినా ఉదయం అయిదింటికి పుస్తకం తెరిచిన వాడికి రిమోట్ పని కొత్త కాదు. రిజల్ట్ రాలేదు గానీ ఆ అలవాటు నాతోనే ఉండిపోయింది. గ్రూప్స్ చదివినవాళ్లు దయచేసి తలదించుకుని సీవీ రాయకండి.

పాత ఉద్యోగం లైన్ల గురించి త్వరగా చెప్పేస్తాను. గూగుల్‌లో హెచ్‌ఆర్ హెడ్‌గా పనిచేసిన లాజ్లో బాక్ చెప్పిన ఫార్ములా మీరు వినే ఉంటారు: ఏం సాధించావు, దాన్ని దేనితో కొలిచావు, ఎలా చేశావు. "ప్రొడక్షన్ టికెట్లు (కస్టమర్లు వాడే సిస్టమ్‌లో వచ్చిన సమస్యల ఫిర్యాదులు) హ్యాండిల్ చేశాను" అన్న లైన్‌తో ఏమీ తెలియదు. "పేమెంట్ ఫెయిలైన టికెట్లకు ఏమేం చెక్ చేయాలో రన్‌బుక్ (స్టెప్ బై స్టెప్ గైడ్) రాశాను, నైట్ షిఫ్ట్ టీమ్ డెవలపర్‌ను లేపకుండానే చాలావరకు క్లోజ్ చేయగలిగింది" అని మార్చాను. శాతాలు నా దగ్గర లేవు, అందుకే రాయలేదు. లేని అంకెలు పెట్టకండి, రెండో ప్రశ్నకే దొరికిపోతాం.

రిమోట్ అని ఉన్న ప్రతి పోస్టుకూ అప్లై చేయొద్దు. చాలావాటిలో కింద "అమెరికాలో ఉన్నవాళ్లకే" అని ఉంటుంది. హ్యాకర్ న్యూస్ అనే టెక్ ఫోరమ్‌లో ప్రతి నెల మొదట్లో వచ్చే "హూ ఈజ్ హైరింగ్" అనే ఉద్యోగాల పోస్టు నాకు బాగా పనికొచ్చింది, అక్కడ చాలామంది ఏ దేశాల వాళ్లకు అవకాశమో ముందే రాస్తారు. పని గంటలు కూడా సీవీలోనే స్పష్టంగా పెట్టండి. బెర్లిన్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. న్యూయార్క్ తొమ్మిదంటే సాయంత్రం ఆరున్నర లేదా ఏడున్నర. "ఎప్పుడైనా పని చేస్తాను" అని రాయడం కన్నా, వాళ్ల టైమ్‌లో ఏ గంట నుంచి ఏ గంట వరకు ఉంటారో రాస్తే ఆలోచించి రాశారని తెలుస్తుంది.

రోజూ పదుల కొద్దీ ఈజీ అప్లైలు (లింక్డ్‌ఇన్‌లో ఒక్క బటన్‌తో చేసే అప్లికేషన్లు) కొట్టి రాత్రి నిరాశపడే ఫ్రెండ్స్‌ను చూస్తున్నాను. రోజుకు ఒక్కటి చాలు. ఆ కంపెనీ డాక్యుమెంటేషన్ ఒక గంట చదవండి, వాళ్ల కస్టమర్ల సమస్యకు దగ్గరగా ఉన్న మీ పనిని పైకి తీసుకురండి, అప్పుడు పంపండి. మూడ్ ఉన్నా లేకపోయినా అదే టైమ్‌కు కూర్చోవాలి. ప్రిలిమ్స్‌కు చదివిన మనకు ఇది చేతకాని పని కాదు. ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అని డబ్బులడిగితే అది మోసమే, అక్కడితో మాట్లాడటం ఆపేయండి.

నా సీవీ ఫైల్ పంపమంటున్నారు. గూగుల్ డాక్స్‌లో ఒకే కాలమ్, ఒకే పేజీ, అంతకుమించి ఫార్మాట్ ఏమీ లేదు. నా లైన్లు మీకు సరిపోవు కూడా. దానికి బదులు మీ గ్యాప్ గురించి మీరే రెండు లైన్లు రాసి పంపండి, చదివి నాకు తోచింది చెప్తాను. వచ్చే నెల జాయినింగ్ కాబట్టి ఆ తర్వాత ఆదివారాలు మాత్రమే కుదురుతుంది.