జేజినాయన రుమాలు

ఈరోజు కర్నూలుకు పోయి నాయన బయాప్సీ రిపోర్టు తీసుకున్నాం. బస్సులో దారి పొడుగునా తువ్వాలు తలకు చుట్టుకునే కూర్చున్నాడు. చల్లగాలికట. కట్టు ఎవరికీ కనపడకూడదని నాకు తెలీదా!

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాయన తల మీద గడ్డలున్నాయి. నిమ్మకాయంతవి రెండు, చుట్టూ రేగుపండ్లంతవి. వాటి మీద వెంట్రుక ఉండదు, నున్నగా మెరుస్తుంటాయి. ముక్కుకు రెండు పక్కలా చిన్న చిన్న పొక్కులు. పన్నెండేళ్ల కింద ఒక క్లినిక్‌లో కొవ్వుగడ్డ అని ఒకదాన్ని కోసి, పరీక్షకు పంపకుండానే పారేశారు. ఆ కోపం నాకింకా పోలేదు.

రిపోర్టులో ‘సిలిండ్రోమా’ అని ఉంది, చర్మంలో లేచే ఒక రకం గడ్డ. డాక్టరమ్మ ఫోన్‌లో స్లైడు ఫొటో చూపించింది. ఊదారంగు ముక్కలు ఒకదాని అంచుకొకటి అమరి, నడుమ సన్నటి గులాబీ గీతలు. నాయన కళ్లజోడు సర్దుకుని, ‘‘మా బేతంచెర్ల బండ ముక్కలు పరిచి సందుల్లో సిమెంటు పూసినట్టుండాది మేడమ్’’ అన్నాడు. ముప్పై ఏళ్లు బండల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి మరి. దీన్ని గుర్తుపట్టేది అలాగే అందామె.

తర్వాత కాగితం మీద మా వంశాన్ని గీసింది. మగవాళ్లకు డబ్బా, ఆడవాళ్లకు సున్నా, గడ్డలుంటే నలుపు. ‘‘మీ నాన్నగారికి ఉండేవా?’’

జేజినాయనను రుమాలు లేకుండా నేనెప్పుడూ చూడలేదు. చేనుకాడ ఎండకు అలవాటై చుట్టుకుంటాడనుకునేవాళ్లం. నాయన కాసేపు నేలవైపు చూసి, ‘‘పోయిన రోజు నీళ్లు పోసేటప్పుడు చూసినా. తలనిండా ఉన్యాయి’’ అన్నాడు. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అలా తలంతా కప్పేస్తాయనే దీన్ని టర్బన్ ట్యూమర్, అంటే తలపాగా గడ్డ అంటారట. 16వ క్రోమోజోమ్ మీద సీవైఎల్‌డీ అనే జీన్ ఉంది, కణాలు అదుపు తప్పి పెరగకుండా అది బ్రేకులా పనిచేస్తుంది. మా ఇంట్లో ఆ బ్రేకు చెడింది. ఆ జీన్‌ను కనుక్కున్నది 2000లో. అప్పటికి జేజినాయన పోయి రెండేళ్లు.

మొత్తంగా నయం చేసే మందు లేదు. పెద్దవాటిని మత్తుసూది ఇచ్చి కోస్తారు, చిన్నవాటిని లేజరుతో కాలుస్తారు, మళ్లీ కొత్తవి లేస్తాయి. తలంతా నిండితే ఆ చర్మం తీసేసి వేరేచోటి చర్మం అతకాల్సి వస్తుందట. క్యాన్సర్‌గా మారడం అరుదే గానీ, ఏదైనా ఉన్నట్టుండి పెరిగినా, పుండు పడినా, రక్తం కారినా వెంటనే రమ్మంది.

లేచేముందు నా కుడి చెవి వెనక శనగగింజంత దాన్ని చూపించాను. ఆరేళ్లుగా జడ కింద దాస్తున్నది. ఆమె వేళ్లతో నొక్కి చూసి, ఇదీ తీసి పరీక్షకు పంపుదాం అంది. నా సున్నాను సగం నలుపు చేసి ప్రశ్నార్థకం పెట్టింది. దాని కింద ఇంకో సున్నా, ఖాళీగా. నాది కూడా అదే అయితే పాపకు వచ్చే అవకాశం సగానికి సగం.

రాత్రి పాపకు తలంటు నూనె పెట్టాను. దానికి ఏడేళ్లే. ఇవి బయటపడేది ఎక్కువగా ఈడొచ్చాకేనని పొద్దునే విన్నాను. అయినా వేళ్లు పాయ పాయ తీసి తడుముతూనే ఉన్నాయి.

‘‘ఏం వెతుకుతాండావు మా?’’

‘‘పేలు’’ అన్నాను.