లబ్ధిదారుల సంఖ్య

సాయంత్రం నుంచీ పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను, ఇక్కడ కక్కేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. గ్రాంటు వాళ్ళ వార్షిక నివేదిక. కొన్న కెమికల్స్, అచ్చయిన పేపర్లు, ఖర్చు, మిగులు అన్నీ నింపాక చివర్లో ఒక గడి: ఈ ఏడాది మీ పరిశోధన వల్ల లబ్ధి పొందినవారి సంఖ్య. సున్నా కొడితే తీసుకోదు. ఖాళీగా వదిలితే ఎర్రగా మెరుస్తుంది. దాని కింద నూరు పదాల్లో వివరణ, అందులో బ్రాకెట్లూ శాతం గుర్తూ అడ్డగీతా వాడకూడదట, వాడితే రాసిందంతా చెరిపేస్తుంది. మ్యుటేషన్, అంటే జన్యువులో వచ్చిన మార్పు, దాని పేరు రాయాలంటేనే ఒక్కోసారి బ్రాకెట్లూ అడ్డగీతలూ కావాలి, నేనేం చెయ్యను?

ఈయనేమో "ఏదో ఒక అంకె కొట్టెయ్, ఎవరు చూడొచ్చారు" అన్నారు. ఈయన సంగతి మీకు తెలిసిందేగా, జనాభా లెక్కల వాళ్ళకి నా వయసు ఉజ్జాయింపుగా చెప్పిన మనిషి.

ఈ ఫారం క్యాన్సర్ జన్యుశాస్త్రవేత్త నడ్‌సన్ చేతిలో పెట్టి ఉంటే ఏం రాసేవాడో! 1971లో ఆయన చేసిందల్లా 48 మంది రెటినోబ్లాస్టోమా, అంటే పసిపిల్లలకి వచ్చే కంటి క్యాన్సర్, కేసులు ముందేసుకుని, రెండు కళ్ళకీ గడ్డలొచ్చిన పిల్లల్లో అంత చిన్న వయసులోనే ఎందుకు బయటపడుతోంది, ఒక కంటికే వచ్చినవాళ్ళలో కాస్త ఆలస్యంగా ఎందుకొస్తోంది అని లెక్కలు కట్టడం. జబ్బు రావడానికి రెండు దెబ్బలు, అంటే రెండు మ్యుటేషన్లు, పడాలి, కొందరు పిల్లలు మొదటి దెబ్బతోనే పుడతారు అని తేల్చాడు. ఆ దెబ్బలు పడే జన్యువు, అదే మా ఆర్‌బీ1, పదమూడో క్రోమోజోమ్ మీద చేతికి చిక్కేసరికి 1986 వచ్చింది. అన్నేళ్ళూ ఏటేటా ఆ గడిలో ఏం కొట్టాలి?

ఇలా తిట్టుకుంటూ ఉంటే అతను గుర్తొచ్చాడు. పీహెచ్‌డీలో కొత్తగా చేరిన రోజులు, సమ్మతి పత్రం మీద సంతకం తెమ్మని నన్ను పంపారు. ఆపరేషన్ థియేటర్ బయట, స్కానింగుల ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల రెండేళ్ళ కొడుక్కి కన్ను తీసేస్తున్నారు. ట్యూమర్, డీఎన్‌ఏ, స్క్రీనింగ్ అంటూ నేనేదో అప్పజెప్పాను. అంతా విని వేలిముద్ర వేసి, "గా కన్నుల ఏమున్నదో చూస్తరు, మంచిదే. మా చిన్నోనికి గిట్ల రాదు గద మేడం?" అన్నాడు. డాక్టరుగారిని అడగండి అన్నాను, అప్పటికి నాకు తెలిసింది అంతే. ఐస్ డబ్బా పట్టుకుని నేను బయటికొస్తే లేచి నిలబడ్డాడు. అందులో ఏముందో అతనికి తెలుసు.

ఆలోచిస్తే ఆ గడి అడుగుతున్నదీ, అతను అడిగిందీ ఒకటే కదా, దీనివల్ల ఎవరికి ఏం ఒరుగుతుందని. అతనడిగితే తల వంచుకున్నాను, ఫారం అడిగితే ఎందుకింత మండుతోంది? అతనికి కావలసిన జవాబు చాలావరకు ఆ డబ్బాలోనే ఉంది మరి. గడ్డలో రెండు దెబ్బలూ ఎక్కడ పడ్డాయో వెతకాలి. ఒక్కో కుటుంబంలో ఒక్కో చోట ఉంటుంది, అందుకే ఆ జన్యువులో ప్రొటీన్‌కి కోడ్ ఉండే ముక్కలు, అవే ఎక్సాన్లు, 27 ఉంటే ఇరవై ఏడూ గాలించాలి. తర్వాత అదే మార్పు బిడ్డ రక్తంలో ఉందేమో చూడాలి. ఉంటే తోబుట్టువుల్లో ఆ ఒక్కటీ వెతికితే చాలు. లేదని తేలితే, కొన్ని వారాలకోసారి మత్తిచ్చి చంటిపిల్లల కళ్ళు చూసే ఆ నరకం తప్పుతుంది.

ఇవాళ అలాంటి రిపోర్టే వచ్చింది. అక్కకి రెండు కళ్ళకీ జబ్బు, తమ్ముడు పాలు తాగే పిల్లాడు, అక్కలోని మార్పు వాడిలో లేదు. మధ్యాహ్నమంతా హుషారుగానే తిరిగాను, ఈ ఫారం తెరిచేదాకా.

అయితే ఒకటి కొట్టనా? మరి వాళ్ళమ్మని లెక్కెయ్యొద్దా, వాణ్ణి ఎత్తుకుని రాత్రి బస్సుల్లో తిరగక్కర్లేదుగా. అయినా వాడికి జరిగిన మేలల్లా ఏమీ జరక్కపోవడమే, దాన్ని నూరు పదాల్లో, అదీ బ్రాకెట్లు లేకుండా!

నాలుగు కొట్టాను, ఇంట్లో నలుగురు కాబట్టి. తీసుకుంది. వివరణ సంగతి రేపు, అదీ మధ్యాహ్నం తర్వాతే. పొద్దున్నే వెళ్ళి డీఎన్‌ఏ చదివే మిషను, సీక్వెన్సర్, పట్టుకోవాలి, పక్క ల్యాబ్ పిల్లలు బుక్ చేసుకుని వాళ్ళూ రారు, ఇంకొకళ్ళనీ వాడుకోనివ్వరు.