యాభై ఏళ్ల కెమెరా, ఇంకా బ్యాటరీ లేకుండానే

పాత ఫిల్మ్ కెమెరా కనపడగానే అందరూ అడిగేది ఒకటే, ఇది ఇంకా పనిచేస్తుందా అని. పనిచేస్తుందండీ, ఫిల్మ్ మీదకి వెలుతురు వదిలే తెర, అదే షట్టర్, మెకానికల్‌దైతే బ్యాటరీ పీకేసినా పనిచేస్తుంది. 1976లో వచ్చిన పెంటాక్స్ కె1000నే తీసుకోండి, దానికి బ్యాటరీ కావాల్సింది వెలుతురు కొలిచే ఒక్క లైట్ మీటర్‌కే, మిగతాదంతా స్ప్రింగులూ గేర్లే. 1982 నాటి నికాన్ ఎఫ్ఎం2 ఆ స్ప్రింగుల బలంతోనే సెకనులో 4000వ వంతు స్పీడ్ దాకా వెళ్తుంది, అది డిజైన్ చేసినవాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది నాకైతే.

కానన్ ఏఈ-1 కూడా 1976దే, చాలా మంచి కెమెరా, కానీ దాని షట్టర్ ఎలక్ట్రానిక్, బ్యాటరీ అయిపోతే క్లిక్ పడదు, లోపల సర్క్యూట్ పోతే ఇంకో పాడైపోయిన ఏఈ-1 కొని అందులోంచి పీకి వేసుకోవాల్సి రావచ్చు. అందుకే మొదటి ఫిల్మ్ కెమెరా ఏది కొనాలని ఎవరడిగినా నేను మెకానికల్‌దే చెప్తా.

నిజానికి వీటిల్లో ముందు పాడయ్యేది మెటల్ కాదు, ఫోమూ గ్రీజూ. వెనక తలుపు తీసి అంచుల్లో ఉన్న నల్ల ఫోమ్‌ని వేలితో తాకి చూడండి, తారులా అంటుకుంటే దాని పని అయిపోయినట్టే, వెలుతురు లోపలికి దూరి ఫిల్మ్ మీద చారలు పడతాయి, కొత్త ఫోమ్ అతికిస్తే సరిపోతుంది. తర్వాత షట్టర్ స్పీడ్ 1 సెకనుకి పెట్టి నొక్కి చెవి దగ్గర పెట్టుకోండి, లోపల గేర్లు జర్‌ర్‌ర్‌మని ఒకే తీరుగా తిరగాలి, మధ్యలో ఆగి ఆగి వస్తే ఆయిల్ గట్టిపడిందని అర్థం, శుభ్రం చేయించి కొత్త ఆయిల్ వేయిస్తే చాలావరకు మళ్లీ దారిలో పడుతుంది. బీరువాలో ఊరికే పడి ఉన్న కెమెరాలకే ఈ రోగం ఎక్కువ, వాడుతూ ఉంటే బాగుంటాయి.

లెన్సులు ఇంకా మొండివి. టార్చ్ వేసి లోపల ఫంగస్ లేదని, వెలుతురు వచ్చే రంధ్రాన్ని పెంచీ తగ్గించే అపర్చర్ బ్లేడ్ల మీద ఆయిల్ లేదని చూసుకుంటే చాలు. పెంటాక్స్ వాళ్ల పాత లెన్స్ సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్1.4 పసుపుపచ్చగా కనిపిస్తే భయపడకండి, అందులో థోరియం కలిపిన గాజు ఉంటుంది, అది ఏళ్లు గడిచేకొద్దీ అలా రంగు తిరుగుతుంది, కొన్నాళ్లు ఎండ తగిలేలా పెడితే చాలావరకు తగ్గిపోతుంది. ఎం42 (ఆ లెన్స్‌కి ఉన్న మర రకం) అడాప్టర్ ఒకటి కొనుక్కుంటే అదే లెన్స్ ఇవాళ్టి మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరా మీదకీ ఎక్కుతుంది, ఆటోఫోకస్ ఉండదు, రింగ్ చేత్తో తిప్పుకోవాలి, నాకైతే అదే ఇష్టం.