హిస్టిడిన్ లేని చోట

ఈ ఉదయం ఇంక్యుబేటర్ నుంచి తీసిన రెండు పెట్రి పళ్లేలను వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూస్తే, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం కలిపిన దానిలో గుండ్రంగా, తెల్లగా పెరిగిన ఒక ఈ. కోలై బాక్టీరియా కాలనీకి, గ్లూకోజు, లవణాలు మాత్రమే ఉన్న రెండోదానిలో అదే స్థానంలో జాడైనా లేదు. కాలనీలున్న మూల పళ్లేనికి అద్దిన ఒకే మఖమల్ గుడ్డతో రెండింటికీ అచ్చు వేశాం. పైగా హిస్టిడిన్ పళ్లేన్నే చివర అద్దాం కనుక, ముందుగా అద్దిన గ్లూకోజు పళ్లేనికి కణాలు చేరలేదనుకోవడానికి పెద్దగా ఆస్కారం లేదు; ఈ కాలనీ హిస్టిడిన్‌ను సొంతంగా తయారుచేసుకోలేదన్నమాట.

1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ప్రకటించిన పద్ధతి ఇది. ఎన్నిసార్లు చేసినా నాకు విసుగు పుట్టదు.

ఇంతకన్నా నన్ను ఆకట్టుకునేది పెన్సిలిన్‌తో ఏరే పద్ధతి. ఆ మందు పెరుగుతున్న కణాలనే చంపుతుంది కాబట్టి, ఆ ఒక్క అమైనో ఆమ్లం కలపని ద్రావణంలో ఆరోగ్యంగా ఎదిగేవన్నీ గోడలు పగిలి నశిస్తాయి; దాన్ని సొంతంగా తయారుచేసుకోలేక ఎదుగుదల ఆపేసిన ఉత్పరివర్తితాలు (జన్యువు మారిన కణాలు) మాత్రం, మందును కడిగేసి ఆ ఆమ్లం అందించేదాకా బతికి ఉంటాయి. లోపమే ప్రాణం కాపాడే ఇలాంటి పరిస్థితిని ఊహించగలిగిన వారిపట్ల నాకు అపారమైన గౌరవం.

రేపు ఈ కాలనీకి హిస్టిడిన్ బదులు, కణంలో దాని తయారీకి చివరి మెట్టుకు ముందు ఏర్పడే హిస్టిడినాల్ ఇస్తాను. పెరిగితే లోపం అంతకు ముందరి మెట్లలో ఉన్నట్టు. పెరగకపోతే, హిస్టిడినాల్‌ను హిస్టిడిన్‌గా మార్చే చివరి ఎంజైమునే అనుమానించాలి.