కోసే ముందు సంగతి

హలాల్ అనగానే అందరూ కోసే విధానం గురించే అడుగుతారు. నాకు అంతకు ముందు జరిగేదీ అంతే ముఖ్యం. మా నరసాపురంలో పెరటి కోళ్లు మురుగుకాలవ పక్కన ఏది దొరికితే అది తింటాయి. అశుద్ధం మేసిన కోడిని ముహమ్మద్ ప్రవక్త సహచరుడు ఇబ్న్ ఉమర్ 3 రోజులు విడిగా ఉంచాకే తినేవారట. మా అమ్మ కూడా గంప కింద మూసి నూకలు, తౌడు పెట్టేది.

కత్తి పదునుగా ఉండాలి, జీవికి బాధ తగ్గించాలి అని ప్రవక్త మాటల సంకలనమైన సహీహ్ ముస్లింలోని ఒక హదీసులో స్పష్టంగా ఉంది. మరి కాళ్లు కట్టి, బైకు హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడదీసి, ఎండలో తెచ్చిన కోడి మాటేమిటి? చివర్లో బిస్మిల్లా అన్నంత మాత్రాన అది పడ్డ బాధ పోతుందా? చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే బుట్టలో నీడన తెచ్చేవాళ్ల దగ్గరే కొంటున్నాను, ధర కాస్త ఎక్కువైనా సరే.