మూడుంబావుకే పొద్దుగూకింది

"ఏమే, అక్కడింకా మధ్యాహ్నమే అన్నావు కదా, లైటు వేసుకున్నావేంటి?"

వీడియో కాల్‌లో అమ్మ. అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చింది. రాజమండ్రిలో ఆరూ ముప్పావు, నాకు హెల్సింకీలో మూడుంబావు. రెండు కిటికీల బయటా సూర్యుడు లేడు.

ఇవాళ డిసెంబర్ 21. మధ్యాహ్నం బస్ స్టాప్‌లో నిలబడితే మంచు మీద నా నీడ రోడ్డు దాటి అవతలి గోడ ఎక్కింది. నడినెత్తిన ఉండాల్సిన వేళ సూర్యుడు 6 డిగ్రీల ఎత్తులోనే, చెట్ల కొనల మీద ఆగిపోయాడు. మా ఊళ్లో ఇవాళ కూడా దాదాపు 50 డిగ్రీలు ఎక్కాడు. అమ్మ మేడ మీద వడియాలు పెట్టిందట!

చలికాలమంటే సూర్యుడు దూరం జరగడమని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నిజానికి జనవరి మొదట్లోనే మనం ఆయనకి బాగా దగ్గర. అంతా భూమి 23.4 డిగ్రీల ఒరుగులోనే ఉంది. భూమధ్యరేఖకి 17 డిగ్రీల పైన ఉన్న మా ఊళ్లో ఏడాది మొత్తమ్మీద పగలు రెండు గంటలే అటూ ఇటూ అవుతుంది. ఇక్కడ 60 దగ్గర, జూన్‌లో 19 గంటలు. ఇప్పుడు ఆరు కూడా లేదు.

"సంక్రాంతికి నీకూ పొద్దు పెరుగుతుందిలే" అంది అమ్మ.

లెక్క చూశాను. ముప్పావు గంట పెరుగుతుంది.