సుంకి ఘాట్ దాటి జయపురం దాకా

సాలూరు దాటాక బస్సు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టింది. సుంకి దగ్గర ఒడిశా వచ్చేసిందని బోర్డులు చెబుతాయి గానీ మాటలు చెప్పవు. టీ కొట్టాయన తెలుగులోనే చిల్లర అడిగాడు. పొట్టంగి వైపు కొండవాలుల్లో వలిసెలు పసుపు పచ్చగా పూసి ఉన్నాయి. అక్టోబరు చివర ఈ దారిలో రావడానికి అదొక్కటే చాలు. నేను మాత్రం జయపురంలో మా పెదనాన్న ఇంటికి, రిఫర్మేషన్ పండక్కి వెళ్తున్నాను. మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన క్రైస్తవ సంఘ సంస్కరణను గుర్తుచేసుకునే రోజది.

ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ మిషన్ వాళ్లు 1882లో ఈ ప్రాంతానికి వచ్చారు. ఇక్కడి లూథరన్ సంఘాలన్నీ ఆ పని నుంచి పుట్టినవే. అందుకే అక్టోబరు 31న గుడి నిండిపోతుంది. ఆరాధన ఒడియాలో జరిగింది. నాకు సగమే అర్థమైనా, 1517లో విటెన్‌బర్గ్‌లో పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని లూథర్ ఎదిరించిన కథ ఏ భాషలోనైనా తెలిసిపోతుంది.

గొడవ భోజనాల దగ్గర మొదలైంది. విశాఖలో లా చదువుతున్న తమ్ముడు చెయ్యి కడుక్కుంటూనే అన్నాడు: "1543లో లూథర్ యూదుల మీద ఏం రాశాడో ఈ రోజు ఎవరూ చెప్పరేం?"

రాసింది చిన్న విషయం కాదు. వాళ్ల ప్రార్థనామందిరాలు తగలబెట్టమన్నాడు, ఇళ్లు కూలగొట్టమన్నాడు, ప్రార్థన పుస్తకాలు లాక్కోమన్నాడు.

పెదనాన్న రిటైరైన టీచరు. "ఆ రోజులు అలాంటివిరా. అప్పుడందరూ అలాగే అనుకునేవారు. ఐదొందల ఏళ్ల కిందటి మనిషిని ఇప్పటి తూకంతో తూస్తే ఎవడు నిలుస్తాడు?" అన్నారు.

పెద్దలంటే గౌరవం ఉంది గానీ, ఈ మాటతో నాకు పేచీ. ఇప్పటి తూకం అక్కర్లేదు, అప్పటిదే చాలు. 1523లో ఇదే లూథర్, యేసు యూదుడిగానే పుట్టాడని, వాళ్లను దయగా చూడాలని రాశాడు. అంటే ఆ మాట ఆయనకు తెలుసు. ఇక 1543లోనే రోస్‌హైమ్ ఊరి యోసెల్ అనే యూదు పెద్ద స్ట్రాస్‌బర్గ్ నగర సభకు మొరపెట్టుకుంటే, ఆ రాతలు అక్కడ అచ్చు వేయకుండా ఆపారు. 'అందరూ' అన్నప్పుడు యోసెల్‌ని ఎందుకు లెక్కలోంచి తీసేస్తాం? దెబ్బ తిన్నవాడు కూడా ఆ కాలంవాడే కదా.

తమ్ముడు ఉత్సాహపడి, "అయితే హిట్లర్ చేసిందంతా లూథర్ ఖాతాలోకే" అన్నాడు. నేను అదీ ఒప్పుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో, నాజీ పత్రికల మనిషి స్ట్రైఖర్, తనను కాపాడుకోవడానికి లూథర్ పేరు అడ్డం పెట్టుకున్నాడు. హంతకుడు తన నేరాన్ని ఇంకొకడి మీదికి తోస్తే దాన్ని సాక్ష్యంగా తీసుకుంటామా? లా చదివేవాడికి నేను చెప్పాలా! లూథర్ రాసిందానికి లూథర్ బాధ్యుడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత దాన్ని వాడుకున్నవాళ్లు వాళ్లు చేసిందానికి బాధ్యులు.

లూథర్ తర్వాతి తరం సంస్కర్త కాల్విన్ సంగతీ వచ్చింది. త్రిత్వాన్ని కాదన్న సెర్వెటస్‌ను 1553లో జెనీవాలో కాల్చి చంపిన తీర్పు నగర సభది. కాల్చొద్దు, తల నరకండి అని కాల్విన్ అడిగాడన్నదీ నిజమే. అయినా మరుసటి ఏడాది ఆ మరణశిక్షను సమర్థిస్తూ పుస్తకం రాసింది ఆయనే. మనిషిని చంపడం సిద్ధాంతాన్ని కాపాడటం కాదు, మనిషిని చంపడమే అని కాస్టెల్లియో అనే పండితుడు అప్పుడే జవాబు రాశాడు. ఇక్కడా 'అందరూ' నిలబడలేదు.

పెద్దమ్మ మజ్జిగ పోస్తూ, "ఇంతకీ లూథర్ రాసిన పాటలు పాడొచ్చా, మానేయాలా?" అంది. పాడదాం అన్నాను. బైబిల్‌ని జర్మనీలో మామూలు జనం మాట్లాడే భాషలోకి తెచ్చినవాడు ఆయన, అది ఎక్కడికీ పోదు. కానీ సండే స్కూల్ పిల్లలకు 1517తో పాటు 1543 కూడా చెప్పాలి. అమెరికాలోని లూథరన్ సంఘమే 1994లో ఆ రాతల్ని బహిరంగంగా తోసిపుచ్చింది, మనకెందుకు మొహమాటం?

పెదనాన్న చాలాసేపు ఆలోచించారు. "చెబుతాను గానీ, పదో తరగతి దాటిన పిల్లలకే" అన్నారు. చిన్నప్పుడే చెప్పాలని తమ్ముడు, అప్పటికి వాళ్లు ఫోన్‌లో చదివేసి ఉంటారని నేను. మళ్లీ మొదలైంది, సాలూరు బస్సు టైమయ్యే దాకా తేలలేదు.